చెయ్యి వణికితే మనిషి మారిపోతుందా?

మొన్న మాఘమాసంలో మా అత్తగారి పెద్దన్నగారి మనవరాలి పెళ్ళి జరిగింది. మా అత్తగారికిప్పుడు డెబ్బై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళు లేవనివ్వవు, చెయ్యి చెప్పిన మాట వినదు. అయినా పట్టుబట్టి పెళ్ళికి వచ్చి, పీటల మీద ఉన్న పిల్లకి అక్షింతలు వేసి, కొంగున దాచుకున్న కవరు తీసి దాని చేతిలో పెట్టారు. అందులో ఇరవై అయిదు వేల రూపాయల చెక్కు. ఆవిడ సొంత ఫించను డబ్బు, సొంత దస్తూరీతో రాసిన చెక్కు. "నాన్నమ్మ ఇచ్చిందని చెప్పుకోవే" అని దాని బుగ్గ పుణికారు.

పన్నెండో రోజున పెళ్ళికూతురి తండ్రి నాకు ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, ఏమీ అనుకోవుగా? అత్తయ్య ఇచ్చిన చెక్కు తిరిగొచ్చింది. డబ్బుకేం లే. అత్తయ్యకి మాత్రం చెప్పకు. ఈ వయసులో బాధపడుతుంది."

చెప్పకపోతే దాగే సంగతా అది? పెళ్ళిలో మిగిలిన లడ్లు పంచడానికి వాళ్ళకి వారం పట్టిందిగాని, ఈ కబురు చుట్టాలందరి ఇళ్ళూ తిరగడానికి రెండు రోజులు చాలింది. "పాపం, ఆవిడ ఫించనంతా కొడుకూ కోడలూ వాడేసుకుంటున్నారేమో, ఖాతాలో ఏమీ మిగల్చలేదు కాబోలు" అని ఒకావిడ అన్నదట. ఆ కోడల్ని నేనేనని వేరే చెప్పాలా!

నిజానికి ఖాతాలో డబ్బు నిక్షేపంలా ఉంది. చెక్కుతోబాటు వచ్చిన కాగితం మీద అసలు కారణం ఇంగ్లీషులో మూడు మాటల్లో ఉంది: "డ్రాయర్స్ సిగ్నేచర్ డిఫర్స్". సంతకం సరిపోలలేదు. ఇంకా పచ్చిగా చెప్పాలంటే, "అమ్మా, నువ్వు నువ్వు కాదు" అని.

నేను బ్యాంకుకి వెళ్ళాను. మేనేజరు చిన్నవాడు, మర్యాదస్థుడు. కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇప్పించి, నిస్సహాయంగా చేతులు చాపాడు. "మా చేతుల్లో ఏమీ లేదు మేడమ్. మా దగ్గరున్న పాత సంతకంతో చెక్కు మీది సంతకాన్ని సిస్టమే పోల్చి మార్కులు వేస్తుంది. మీ అత్తగారికి పాసు మార్కులు రాలేదు."

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. ఆవిడ చాలాసేపు తన కుడిచేతి వంక చూసుకున్నారు. అయిదో తరగతి దాకా పలక మీద బలపంతో దిద్దిన చెయ్యి. పేరు చివర 'మ్మ' రాసేటప్పుడు ఒత్తుని గుండ్రంగా తిప్పి వదలడం ఆవిడకి ఇష్టం. ఇప్పుడా ఒత్తు తిరగదు, ముక్కలు ముక్కలుగా దిగుతుంది. "చెయ్యి వణికితే మనిషి మారిపోతుందటే?" అన్నారు.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ ఈ సంగతంతా తెలుసుకున్నాను. నేను బి.ఏ. చదివినదాన్ని, లెక్కలంటే ఆమడ దూరం. నాకే అర్థమైందంటే మీకందరికీ అవుతుంది. కాస్త ఓపిక పట్టండి.

కంప్యూటరు సంతకాన్ని సరిచూడడంలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది, మీరు గాజుపలక మీద ప్రత్యేకమైన కలంతో సంతకం పెడుతుండగానే గమనించడం. కలం ఎటు వెళ్ళింది, ఎంత వేగంగా వెళ్ళింది, ఎక్కడ ఆగింది, ఎక్కడ పైకి లేచింది, ఎంత నొక్కింది అనేవన్నీ క్షణానికి వందసార్లయినా నమోదు చేస్తుంది. ఇందులో కొంత గట్టిదనం ఉంది. దొంగసంతకం పెట్టేవాడు మన అక్షరాల రూపాన్ని కాపీ కొట్టగలడు గాని, మన చేతి నడకని కాపీ కొట్టడం కష్టం. పక్కింటావిడ చీర కట్టుకోవచ్చు, ఆవిడ నడక నడవగలమా?

రెండోది, ఎప్పుడో కాగితం మీద పెట్టేసిన సంతకానికి ఫొటో తీసి, దాన్ని పాత ఫొటోతో పోల్చడం. ఇక్కడ నడక లేదు, అడుగుజాడ మాత్రమే ఉంది. వేగం తెలియదు, నొక్కు తెలియదు. చెక్కుల విషయంలో జరిగేది ఈ రెండోదే.

మన చెక్కు ఇప్పుడు ఊళ్ళు తిరగదు. 2008లో ఢిల్లీలోనూ, 2011లో చెన్నైలోనూ, 2013లో ముంబైలోనూ మొదలైన కొత్త పద్ధతిలో, చెక్కు కాగితం వేసిన బ్యాంకులోనే ఆగిపోతుంది. దాని బొమ్మ మాత్రం మన బ్యాంకుకి వెళుతుంది. ఆ బొమ్మల నాణ్యత ఎంతో తెలుసా? బూడిదరంగు బొమ్మ అంగుళానికి వంద చుక్కలు, నలుపు తెలుపు బొమ్మ రెండు వందల చుక్కలు. చెక్కు మీద మన సంతకానికి మిగిలేది రెండు అంగుళాల చోటు. ఆ చుక్కల్లో మా అత్తగారి 'మ్మ' ఒత్తు ఎంత కనబడుతుందో మీరే ఆలోచించండి.

ఇంకో సంగతి. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కుల పరిష్కారం రోజంతా ఎడతెగకుండా జరిగేట్టు రిజర్వు బ్యాంకు ఏర్పాటు చేసింది. పొద్దున వచ్చిన బొమ్మకి అదే సాయంత్రం ఏడు లోపల మన బ్యాంకు ఔననో కాదనో చెప్పాలి, చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మనకి డబ్బు తొందరగా వస్తుంది, సంతోషమే. కాని తొందర పెరిగినకొద్దీ మనిషి కళ్ళజోడు సవరించుకుని చూసే తీరిక తగ్గుతుంది, యంత్రం మీద భారం పెరుగుతుంది. వడ్డించేవాడికి తొందరైతే కడబంతి వాళ్ళకి ఏం మిగులుతుందో ఆడవాళ్ళకి చెప్పాలా?

సరే, యంత్రం ఎలా పోలుస్తుంది? 1993లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల వాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. ఒకే రకంగా తయారైన రెండు యంత్రమెదళ్ళని పక్కపక్కన పెట్టి, ఒకదానికి పాత సంతకం, ఇంకోదానికి కొత్త సంతకం చూపించి, రెండూ చెప్పినదాంట్లో తేడా ఎంతో కొలవడం. అతుక్కుపుట్టిన కవలల పేరు మీద దానికి సయామీ పద్ధతి అని పేరు పెట్టారు. అది గాజుపలక మీద పెట్టిన సంతకాల కోసమే పుట్టింది. తర్వాత కాగితం మీది సంతకాలకీ, మనుషుల మొహాలకీ కూడా అదే దారి పట్టారు. మంచి తెలివే. కాని తేడా ఎంతో యంత్రం చెప్పగలదుగాని, ఎంత తేడాని మన్నించాలో చెప్పవలసింది మనిషి. ఆ గీత గీసేది ఎవరు? ఎవరి చేతిని చూసి గీశారు? నా పోట్లాటంతా అక్కడే.

ఆ గీతని జల్లెడతో పోల్చుకోండి. సన్న జల్లెడ పడితే రాళ్ళు పోతాయి, వాటితోబాటు మంచి రవ్వ కూడా కొంత పైనే ఉండిపోతుంది. ముతక జల్లెడ పడితే రవ్వంతా దిగుతుంది, రాళ్ళూ దిగుతాయి. ఏ రాయీ దిగకుండా, ఏ రవ్వగింజా ఆగకుండా జల్లించే జల్లెడ ఇంతవరకూ పుట్టలేదు. సంతకాల యంత్రమూ అంతే. అసలుని దొంగ అనడం ఒక తప్పు, దొంగని అసలు అనడం ఇంకో తప్పు. ఒకటి తగ్గిస్తే ఒకటి పెరుగుతుంది.

2004లో దేశదేశాల వాళ్ళు ఈ యంత్రాలకి ఒక పోటీ పెట్టారు. గాజుపలక మీది సంతకాలే, అంటే తేలికైన పరీక్షే. టర్కీలోని సబాంజి విశ్వవిద్యాలయం వాళ్ళది మొదటిస్థానంలో నిలిచింది. రెండు తప్పులూ సమానమయ్యే చోట దాని తప్పు నూటికి 2.8 చొప్పున తేలింది. భేష్! నూటికి తొంభై ఏడు మార్కులొస్తే మన పిల్లాడికి మిఠాయి పంచుతాం.

కాని అదే లెక్క బ్యాంకులో వేసి చూడండి. ఊరికే ఊహిద్దాం. పదివేల చెక్కులు వచ్చాయి, వాటిలో అయిదు దొంగవి. నూటికి 2.8 చొప్పున తప్పు చేసే యంత్రం ఆ అయిదింటినీ పట్టుకుందనే అనుకుందాం. దాంతోబాటు నిఖార్సయిన చెక్కులు దాదాపు 280 కూడా దొంగవని పక్కన పెడుతుంది. అంటే యంత్రం "దొంగ" అని వేలెత్తి చూపిన ప్రతి అరవైమందిలో ఒక్కడు మాత్రమే దొంగ. మిగతావాళ్ళంతా మా అత్తగారి బాపతు. తర్వాత వచ్చిన యంత్రాలు ఇంకా తెలివైనవే కావచ్చు. ఆ తప్పు సగమైనా ముప్పై మందిలో ఒక్కడే అవుతాడు. దొంగలు తక్కువగానూ దొరలు ఎక్కువగానూ ఉన్నచోట అనుమానం ఎప్పుడూ దొరల మీదే ఎక్కువ పడుతుంది. ఇది యంత్రం దోషం కాదు, లెక్క దోషమూ కాదు. ఆ అనుమానాన్నే తీర్పుగా చెలామణీ చేసేవాళ్ళ దోషం.

పోనీ ఆ తప్పయినా అందరి మీదా సమానంగా పడుతుందా? పడదు. ఆఫీసులో రోజుకి యాభై కాగితాల మీద సంతకం గిలికే పెద్దమనిషి చెయ్యి ఒక బాణీకి కుదురుకుంటుంది. ఆయన నిద్రలో లేపినా అదే గిలుకుడు గిలుకుతాడు. మరి మనమో? పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద ఏడాదికి మూడుసార్లు, గ్యాసువాడి కాగితం మీద ఎప్పుడైనా ఒకసారి. బ్యాంకులో పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టి, పాస్‌బుక్కులో ఎలా ఉందో ఓరకంట చూసుకుంటూ, తెలుగు దిద్దినంత శ్రద్ధగా పెడతాం. దొంగసంతకం పెట్టేవాడూ సరిగ్గా అలాగే పెడతాడు, నెమ్మదిగా, జాగ్రత్తగా, మధ్యమధ్య ఆగుతూ! ఎంత నిజాయితీగా ప్రయత్నిస్తే అంత దొంగల్లా కనిపించడం మన ఖర్మ.

దానికి తోడు పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది. ఉద్యోగమొస్తే తెలుగు సంతకం ఇంగ్లీషు సంతకమవుతుంది. జబ్బు చేస్తే అక్షరం కుదించుకుపోతుంది. పార్కిన్‌సన్స్ వచ్చినవాళ్ళ రాత రాయగా రాయగా చిన్నదైపోవడం డాక్టర్లు గుర్తుపట్టే లక్షణం. బ్యాంకు దగ్గర మాత్రం మా మామగారు పోయిన ఏడాది, పదహారేళ్ళ కిందట, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో మా అత్తగారు పెట్టిన సంతకం భద్రంగా ఉంది. యంత్రానికి ఆవిడంటే ఆ రోజు ఆవిడే. తర్వాతి పదహారేళ్ళు ఆవిడ బతకనట్టే!

యంత్రాలకి చూపించి నేర్పే సంతకాలైనా ఎక్కడివి? పరిశోధకులు విరివిగా వాడే వాటిలో అమెరికాలోని బఫెలోలో కూడబెట్టినవి యాభై అయిదు మందివి. మన దేశపు లిపుల్లో పేరుపొందిన సంకలనం ఒకటుంది. అందులో వందమంది బెంగాలీలో పెట్టినవి, నూట అరవై మంది హిందీలో పెట్టినవి. ఆ పెట్టెలో తెలుగు లేదు. గుడిదీర్ఘాలూ, సుళ్ళూ, కింద వేలాడే ఒత్తులూ ఉన్న మన లిపిలో ఏ వంపు అలవాటు వల్ల వచ్చింది, ఏ వంపు అనుమానించదగ్గది అని ఇంగ్లీషు గిలుకుళ్ళ మీద పెరిగిన యంత్రానికి ఏం తెలుస్తుంది? మా వంటింట్లో యంత్రం పెట్టేముందు మా బియ్యం రకం అడగరా?

ఇక్కడ మీకొక కథ చెప్పాలి. కథ కాదు, జరిగిందే. అమెరికాలో న్యూ బెడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో సిల్వియా హౌలండ్ అనే ధనవంతురాలు 1865లో పోయింది. మేనకోడలు హెట్టీ పాత విల్లొకటి తెచ్చి, దానికి జతగా ఉన్న కాగితం మీద కూడా ఆవిడ సంతకం ఉందంది. కాదు, అది అసలు సంతకం మీద పెట్టి దిద్దిన దొంగసంతకమని అవతలివాళ్ళ వాదం. బెంజమిన్ పియర్స్ అనే లెక్కల పండితుడూ ఆయన కొడుకూ రంగంలోకి దిగారు. ఆవిడవి నలభై రెండు సంతకాలు తెప్పించి, జతలు జతలుగా ఒకదాని మీద ఒకటి పెట్టి, ప్రతి సంతకంలోనూ కిందికి దిగే ముప్పై గీతల్నీ లెక్క చూశారు. ఆవిడ నిజంగా పెట్టిన సంతకాల్లో గీతలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చున్నది అయిదింటికి ఒకటి. గొడవ పడుతున్న జతలో మాత్రం ముప్పైకి ముప్పై కూర్చున్నాయి! అలా తనంతట జరగాలంటే అయిదుని అయిదుతో ముప్పైసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్యలో ఏ ఒక్కసారో జరగాలని వాళ్ళు తేల్చారు. 1868లో కోర్టు ఈ సంగతి తేల్చకుండా వేరే కారణం మీద హెట్టీ దావా కొట్టేసింది, అది వేరే విషయం.

దీని నీతి ఏమిటి? మనిషి పెట్టిన ఏ రెండు సంతకాలూ ఒకేలా ఉండవు. అచ్చు గుద్దినట్టు ఉంటేనే అనుమానించాలి. తేడా ఉండడం మనిషి లక్షణం. నూట యాభై ఏళ్ళ కిందట కోర్టులో లెక్కవేసి చూపించిన ఈ సంగతి ఇవాళ కౌంటరు ముందు నిలబడ్డ ముసలమ్మకి ఎందుకు వర్తించదు?

వణుకు సంగతి కూడా కొత్తది కాదు. రాత పరీక్షలో ఆరితేరిన ఆల్బర్ట్ ఆస్‌బర్న్ 1910లోనే తన పుస్తకంలో వణుకులు రెండు రకాలని విడమరచి చెప్పాడు. వయసువల్లా జబ్బువల్లా వచ్చే వణుకు ఒకటి, మోసగాడి వణుకు ఒకటి. ముసలివాళ్ళ గీత తూలుతుందిగాని దానికి భయం ఉండదు, తన దారిన తాను పోతుంది. మోసగాడి గీత ఎక్కడెక్కడో ఆగి, దిక్కులు చూసి, మళ్ళీ బయల్దేరుతుంది, అవసరం లేనిచోట అతుకులు వేస్తుంది. ఈ రెండింటినీ విడదీయాలంటే అసలు కాగితం కావాలి, భూతద్దం కావాలి, అనుభవమున్న కన్ను కావాలి. ఇలాంటి అనుమానపు కాగితాలు పరీక్షించడానికి ప్రభుత్వం వారి నిపుణులు సిమ్లా, కోల్‌కతాలతోబాటు మన హైదరాబాదులోనూ ఉన్నారు. వాళ్ళు కాగితం తిప్పి తిప్పి చూసి చెప్పే మాటనే కోర్టు అభిప్రాయంగా మాత్రం తీసుకుంటుంది. అంగుళానికి వంద చుక్కల బొమ్మ చూసి కనురెప్ప మూసి తెరిచేలోగా యంత్రం చెప్పిన మాట మాత్రం తీర్పా?

ఇంతా విని "అయితే యంత్రాలొద్దు, పాతకాలపు గుమాస్తాలే ముద్దు అంటావా?" అని మావారు అడిగారు. అనను. ఎందుకంటే పాతకాలపు గుమాస్తాని నాకు బాగా తెలుసు.

నేను చిన్నప్పుడు మేమున్న వీధిలో ఒక టీచరమ్మ ఉండేది. జీతం ఆవిడది, ఖాతా ఆవిడది, చెక్కుబుక్కు భర్త జేబులో. ఆవిడ సంతకం ఆయనే పెట్టేవాడు. కౌంటరులో గుమాస్తా ఆయన పేకాట నేస్తం. సంతకం వంక చూసేవాడు కూడా కాదు, "ఇంట్లో కులాసానా?" అని అడిగి నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవాడు. కూతురి పెళ్ళికి డబ్బు కావలసి వచ్చిన రోజున ఖాతాలో మూడు వందలున్నాయని ఆవిడకి తెలిసింది. ఆనాడు కౌంటరులో యంత్రముండి ఉంటే ఆ పెద్దమనిషి మొదటి చెక్కుకే దొరికిపోయేవాడు. యంత్రానికి పేకాట రాదు, కాఫీ ఇప్పిస్తే తాగదు, "మావాడే" అనుకోదు. ఆ మేలుని నేను కాదనను. మన పేరు మీద మన సంతకం మనింటివాళ్ళే పెట్టేసే దేశంలో, అడ్డుపడే యంత్రం ఆడదానికి ఒకవిధంగా తోడబుట్టినదే.

అయితే కాపలాకుక్క మొరిగిందని ఇంటికొచ్చినవాళ్ళందరినీ దొంగలంటామా? బయటికొచ్చి లైటు వేసి ఎవరో చూస్తాం. నేనడిగేది ఆ లైటు వెయ్యమనే. యంత్రం మొరగనివ్వండి. తలుపు తీసి చూడవలసింది మనిషి.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. చెయ్యి ఎవరిదో యంత్రం చెప్పగలిగినా, ఇష్టం ఎవరిదో చెప్పలేదు. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన మన రాష్ట్రపు సవరణ అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకీ, 2005లో కేంద్రం తెచ్చిన సవరణ దేశమంతటి కూతుళ్ళకీ ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కిచ్చాయి. దాంతో ప్రతి ఊళ్ళోనూ అన్నదమ్ములకి అక్కచెల్లెళ్ళ సంతకాలతో పనిబడింది. "ఇక్కడొక సంతకం పెట్టమ్మా, పుట్టింటి రాకపోకలు మాత్రం ఉండాలి కదా" అని హక్కు విడుదల దస్తావేజు ముందు పెడితే, పండక్కి వచ్చిన ఆడపడుచు పసుపుకుంకాలతోబాటు కలమూ అందుకుంటుంది. ఆ సంతకాన్ని యంత్రానికి చూపించండి. నూటికి నూరు మార్కులు వేస్తుంది. సంతకం ఆవిడదే, నిజం. సమ్మతి ఎవరిదో ఏ గాజుపలక చెబుతుంది? అందుకే "యంత్రం సరిచూసింది, ఇక తిరుగులేదు" అనే మాట వింటే నాకు రెండువైపులా భయమే. కాదన్నా భయం, ఔనన్నా భయం.

"ఇప్పుడు చెక్కులెవరు రాస్తున్నారండీ, అంతా ఫోనులోనే కదా" అంటారు కుర్రకారు. నిజమే. మా అత్తగారి ఖాతాకి ముడిపెట్టిన ఫోను ఎవరిదో తెలుసా? మావారిది. ఆవిడ డబ్బు ఆవిడ తీసుకోవాలంటే రహస్యపు అంకెలు వచ్చేది కొడుకు ఫోనుకి! మావారు మంచివారు గనక సరిపోయింది. ఎన్ని ఇళ్ళల్లో ఆ ఫోను ఎవరి జేబులో ఉంటుందో మీకు తెలియదా? చెక్కు మీది సంతకం వణికినా ఆవిడ చేతిలోనే ఉంది. పైగా విల్లు మాత్రం ఇప్పటికీ కాగితం మీదే ఉండాలి, ఇద్దరు సాక్షులుండాలి. కంప్యూటరు సంతకాలకి గుర్తింపు ఇచ్చిన 2000 సంవత్సరపు చట్టం విల్లుని అందులోంచి మినహాయించింది. కాబట్టి "సంతకాల రోజులు పోయాయి" అని మనల్ని జోకొట్టకండి.

తిరిగొచ్చిన చెక్కు చిన్న విషయం కూడా కాదు. పెళ్ళి చదివింపులు బాకీ కావు గనక మేం అవమానంతో బయటపడ్డాం. అదే బాకీ తాలూకు చెక్కయితే? సంతకం సరిపోలలేదని తిరిగొచ్చిన చెక్కుకి కూడా క్రిమినల్ కేసు పెట్టవచ్చునని సుప్రీం కోర్టు 2012లో చెప్పింది. నోటీసు అందాక పదిహేను రోజుల్లో డబ్బు కట్టి బయటపడే దారి ఉంది, నిజమే. అయినా ఖాతాలో డబ్బుంచుకుని, చెయ్యి వణికిన పాపానికి నోటీసు అందుకోవడం ఏం న్యాయం?

అందుకని బ్యాంకుల పెద్దలకి నేను మనవి చేసేది, మనవి ఏమిటి, అడిగేది, ఇది. యంత్రం కాదన్న సంతకాన్ని మనిషి ఒకసారి చూడాలి. అప్పటికీ అనుమానముంటే చెక్కు తిప్పికొట్టేముందు ఖాతాదారుకి ఫోన్ చెయ్యాలి. యాభై వేలూ ఆపైన రాసే చెక్కుల వివరాలు ఖాతాదారే ముందుగా తెలిపే ఏర్పాటు 2021 జనవరి 1 నుంచి ఉంది కదా. ఇరవై అయిదు వేలు రాసే ముసలమ్మకి ఒక ఫోను చేస్తే అరిగిపోతారా? అరవై దాటినవాళ్ళ సంతకాలు రెండు మూడేళ్ళకోసారి అడిగి తీసుకోవాలి, ఒకటి కాదు, అయిదారు, మంచి రోజువీ వణికే రోజువీ. ఏ కారణం మీద కాదన్నారో మనకర్థమయ్యే తెలుగులో చెప్పాలి. దొంగసంతకానికి డబ్బు చెల్లిస్తే ఆ నష్టం బ్యాంకుదేనని 1987లో సుప్రీం కోర్టు చెప్పింది. గుమాస్తా పొరబడినా యంత్రం పొరబడినా ఆ బాధ్యత మారకూడదు. "సిస్టమ్ ఒప్పుకుంది" అని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

ఇక మనకి మనం చెప్పుకోవలసినవి. ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి బీరువాలో పెట్టించకండి, ఎంత ప్రేమగా అడిగినా సరే. మీ ఖాతాకి మీ ఫోనే ముడిపెట్టించుకోండి. మీ పాత సంతకం ఎలా ఉందో ఈ నెలలోనే బ్యాంకుకి వెళ్ళి చూసుకోండి, మారితే మార్పించుకోండి. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకండి, పుట్టింటివాళ్ళ కాగితమైనా, అత్తింటివాళ్ళ కాగితమైనా.

పోయిన సోమవారం మా అత్తగారిని రిక్షాలో బ్యాంకుకి తీసుకెళ్ళాను. "చెయ్యి ఇలా ఉంది కదమ్మా, వేలిముద్ర వేసేయండి, గొడవ ఉండదు" అన్నాడు మేనేజరు, మంచికే. వేలిముద్ర వెయ్యడం తప్పేమీ కాదు, చెయ్యి బొత్తిగా ఆడనివాళ్ళకి అదే దారి. కాని ఆవిడ ఒప్పుకోలేదు. వాళ్ళమ్మ వేలిముద్ర మనిషట. ఊళ్ళో కరణం ఆవిడ బొటనవేలు పట్టుకుని సిరా అద్దుతుంటే పక్కన నిలబడి చూసిన పిల్ల ఈవిడ. ఆ పిల్ల పలక పట్టుకుని బడికి వెళ్ళింది అందుకేనట.

"నాకు చదువొచ్చు నాయనా" అన్నారు మా అత్తగారు. కుర్చీలో సర్దుకుని కూర్చుని, కార్డు మీద ఆరుసార్లు సంతకం పెట్టారు. ఆరూ ఆరు రకాలుగా వచ్చాయి. ప్రతిదాంట్లోనూ 'మ్మ' ఒత్తు దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, తిప్పి వదిలారు.

ఇరవై నిమిషాలు పట్టింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కున్నారు. విసుక్కోనివ్వండి.